సర్వర్ రికార్డు ఫైళ్ళు చదివే ఓపెన్‌సోర్స్ పనిముట్లు: ఏది పనికొస్తుంది, ఏది సతాయిస్తుంది

బెంగళూరులో బెళ్ళందూరు నుంచి మారతహళ్ళి దాకా అవుటర్ రింగ్ రోడ్డు పొడవునా ఉన్న సపోర్ట్ టీములకి ఈ పని కొత్తేమీ కాదు. సర్వర్ ఎక్కడో అమెరికాలో ఉంటుంది. లాగిన్ ఇవ్వరు. "నిన్న మధ్యాహ్నం సిస్టమ్ స్లో అయింది, కారణం చెప్పండి" అని ఒక టార్ ఫైల్ (అనేక ఫైళ్ళ కట్ట) టికెట్‌కి తగిలిస్తారు. విప్పి చూస్తే ఎస్‌ఏ15 అని ఒకటి, ఏటాప్ అండర్‌స్కోర్ తేదీ అని ఇంకోటి, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చెత్త అక్షరాలు. క్లయింట్ దగ్గర లక్షలు పోసి కొన్న డ్యాష్‌బోర్డు ఉండొచ్చు. మీ చేతికొచ్చింది మాత్రం ఈ ఫైలే.

ఇలాంటి ఫైళ్ళు చదవడానికి పైసా ఖర్చు లేని పనిముట్లు చాలానే ఉన్నాయి. గ్రాఫ్ ఎంత అందంగా గీస్తుందో చూసి ఎంచుకునేవాళ్ళే ఎక్కువ. అది తప్పు కొలత. ఫైలు ఏ వెర్షన్‌తో రాసింది, అందులో టైము ఏ ఊరిది, ఎన్ని సెకన్లకి ఒకసారి రాసింది: ఈ మూడూ దాచకుండా చెప్పే పనిముట్టు మంచిది, దాచేది ప్రమాదం. కింద మార్కులు వేసింది ఈ కొలతతోనే. కమాండ్ ఆప్షన్లలో చిన్నక్షరం, పెద్దక్షరం తేడా ఉంటుంది కాబట్టి "చిన్న టి", "పెద్ద టి" అని విడదీసి రాశాం.

ముందు సిస్‌స్టాట్, లైనక్స్ సర్వర్ పనితీరుని రికార్డు చేసేది. సెబాస్టియన్ గొదార్ రాసిన ఈ ప్యాకేజీలో ఎస్‌ఏడీసీ రికార్డు చేస్తుంది, సార్ చదివి చూపిస్తుంది, ఎస్‌ఏడీఎఫ్ వేరే రూపాల్లోకి మారుస్తుంది. ("సార్ ఫైల్ పంపండి సార్" అని కాల్‌లో అంటే అవతల తెలుగువాడైతే తప్పకుండా నవ్వుతాడు.) రెడ్‌హ్యాట్ వర్గంలో ఫైళ్ళు వార్, లాగ్ కింద ఎస్‌ఏ డైరెక్టరీలోనూ, డెబియన్, ఉబుంటుల్లో వార్, లాగ్ కింద సిస్‌స్టాట్ డైరెక్టరీలోనూ ఉంటాయి. ఎస్‌ఏ15 అంటే 15వ తేదీ బైనరీ ఫైల్. దాని పక్కనే సార్15 అని ఉంటే అది రాత్రి తయారైన టెక్స్ట్ రిపోర్టు. ఈ రెంటినీ కలిపేసుకుని టెక్స్ట్‌ని బైనరీలా తెరవబోయి "ఫైల్ పాడైపోయింది" అని జవాబు రాసేవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. పేరులో తేదీ ఉంటుంది గానీ నెల ఉండదు. ఈ నెల 15న రికార్డింగ్ ఆగిపోయి ఉంటే మీ చేతిలో ఉన్న ఎస్‌ఏ15 పోయిన నెలది అయ్యే అవకాశముంది. అందుకే మొట్టమొదట ఎస్‌ఏడీఎఫ్‌కి పెద్ద హెచ్ ఇచ్చి హెడర్ చూడాలి. హోస్ట్ పేరు, తేదీ, రాసిన సిస్‌స్టాట్ వెర్షన్, ఫైల్ ఫార్మాట్ నంబరు, అందులో ఏయే కొలతలు ఉన్నాయో అన్నీ అక్కడే ఉంటాయి. ఈ ఒక్క ఆప్షన్ కోసమే ఎస్‌ఏడీఎఫ్‌కి మొదటి ర్యాంకు ఇవ్వొచ్చు.

వెర్షన్ గొడవ ఇక్కడే మొదలవుతుంది. రెల్ (రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్) 7లో ఉన్నది సిస్‌స్టాట్ 10.1.5, రెల్ 8లో 11.7.3, రెల్ 9లో 12.5.4. వీటిలో 11.7.1 దగ్గర ఫార్మాట్ పెద్దగా మారింది. అప్పటినుంచి ఫైలు తన నిర్మాణాన్ని తనే చెప్పుకుంటుంది కాబట్టి రెల్ 8 ఫైల్‌ని 12 సిరీస్ సార్ నేరుగా చదివేస్తుంది. రెల్ 7 ఫైల్‌ని అదే సార్‌కి ఇస్తే "ఇన్‌వాలిడ్ సిస్టమ్ యాక్టివిటీ ఫైల్" అంటుంది. ఆ మొదటి లైను చూసి ఆగిపోకండి, కింద ఇంకొన్ని లైన్లు ఉంటాయి. ఫైలు ఏ వెర్షన్‌తో రాసిందో, ఫార్మాట్ హెక్స్‌లో 2171 అని, దాన్ని మార్చుకోవడానికి ఏ కమాండ్ కొట్టాలో కూడా అదే చెబుతుంది. ఎస్‌ఏడీఎఫ్‌కి చిన్న సి ఇచ్చి, వచ్చినదాన్ని కొత్త పేరుతో ఇంకో ఫైల్‌లోకి మళ్ళిస్తే చాలు. అసలు ఫైల్ మీదే రాయకండి, ఉన్న ఒక్క సాక్ష్యం పోతుంది.

ఈ మార్పిడి 9.1.6, ఆ తర్వాతి వెర్షన్ల ఫైళ్ళకే పనిచేస్తుంది. రెల్ 6లో ఉన్నది 9.0.4, కాబట్టి దానికి ఈ దారి మూసేసినట్టే. బ్యాంకుల దగ్గర, పాత ఫ్యాక్టరీ సిస్టమ్‌ల దగ్గర రెల్ 6 ఇంకా బతికే ఉంది కనుక ఈ అవసరం పడుతుంది. రెల్ 6కి ఉచిత ప్రతి లాంటి సెంటోస్ 6 కంటైనర్ ఎత్తితే సరిపోతుందని మొదట అనిపిస్తుంది. కానీ కొత్త కెర్నల్ మీద ఆ కంటైనర్‌లో బాష్ కూడా లేవకుండా 139 కోడ్‌తో పడిపోవచ్చు. పాత జీలిబ్‌సీకి (లైనక్స్ ప్రోగ్రాములు ఆధారపడే సి లైబ్రరీకి) కావలసిన విసిస్‌కాల్ సదుపాయం కొత్త కెర్నళ్ళలో ఆపేసి ఉండడమే కారణం. బూట్ ఆప్షన్‌లో విసిస్‌కాల్‌ని ఎమ్యులేట్ అని పెడితే లేస్తుంది. అంతకన్నా తేలిక దారి: సిస్‌స్టాట్ 9.0.4 సోర్స్ తెచ్చుకుని కాన్ఫిగర్, మేక్ కొట్టండి, ఇన్‌స్టాల్ చెయ్యకండి, ఆ డైరెక్టరీలోంచే సార్‌ని నడపండి. చిన్న ప్రోగ్రామ్, ఇట్టే కంపైల్ అవుతుంది. ఒక్క జాగ్రత్త: ఆ కాలపు ఫార్మాట్ 32 బిట్టా 64 బిట్టా అన్నదాని మీద ఆధారపడుతుంది. 32 బిట్ సర్వర్ ఫైలైతే 32 బిట్‌కే కంపైల్ చెయ్యాలి.

ఇక గడియారం. ఎక్కువ తప్పుడు రిపోర్టులు పుట్టేది దీని దగ్గరే, కాస్త నిదానంగా చదవండి. జులైలో న్యూయార్క్ సర్వర్ మధ్యాహ్నం 14:20కి మొరాయించిందనుకుందాం. ఆ ఫైల్‌ని బెంగళూరు లాప్‌టాప్‌లో సార్‌తో తెరిస్తే అదే సంఘటన 23:50 దగ్గర కనిపిస్తుంది. సార్ చూసే మనిషి టైమ్‌జోన్‌లో చూపిస్తుంది మరి. చిన్న టి ఇస్తే ఫైల్ రాసిన సర్వర్ టైము, అంటే 14:20 వస్తుంది. అదే ఫైల్‌ని ఎస్‌ఏడీఎఫ్‌తో సీఎస్‌వీ చేస్తే 18:20 వస్తుంది, దాని అలవాటు యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. చిన్న టి ఇస్తే సర్వర్ టైము, పెద్ద టి ఇస్తే మన టైము. ఒకే ఫైలు, ఒకే ప్యాకేజీ, మూడు టైములు. క్లయింట్ "రెండుంబావు ప్రాంతంలో" అన్నాడని సార్ అవుట్‌పుట్‌లో 14:15 దగ్గర వెతికితే, అక్కడ ఉండేది న్యూయార్క్‌లో తెల్లవారుజాము 4:45. సర్వర్ హాయిగా నిద్రపోతూ ఉంటుంది. "మా వైపు ఏ సమస్యా కనిపించలేదు" అని జవాబు వెళ్ళిపోతుంది. చలికాలంలో తేడా తొమ్మిదిన్నర గంటలు కాస్తా పదిన్నర అవుతుంది, అదీ గుర్తుంచుకోవాలి.

ఈ బాధ ఒక్క దెబ్బతో పోవాలంటే, కమాండ్ ముందు టీజెడ్ వేరియబుల్‌ని అమెరికా స్లాష్ న్యూ అండర్‌స్కోర్ యార్క్ అని పెట్టి నడపండి. సార్‌కీ, ఏటాప్‌కీ, జీలిబ్‌సీ వాడే దాదాపు ప్రతి పనిముట్టుకీ అదే మంత్రం.

ఎస్‌ఏడీఎఫ్ చిన్న డి ఇచ్చే సీఎస్‌వీలో ఒక వరుస దగ్గర్నుంచి చూడండి:

వెబ్01;600;2024-07-15 18:20:01 యూటీసీ;-1;34.12;0.00;6.40;41.87;0.00;17.61

కామా కాదు, సెమికోలన్. ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు ఇది చెప్పకపోతే మొత్తం ఒకే గడిలో పడుతుంది. రెండో గడిలోని 600 విరామం, సెకన్లలో. నాలుగో గడిలోని మైనస్ 1 చూసి కంగారు పడొద్దు, అన్ని సీపీయూలూ కలిపి అని దాని అర్థం. తర్వాత వరుసగా యూజర్, నైస్, సిస్టమ్, ఐఓవెయిట్, స్టీల్, ఐడిల్. ఇక్కడ సీపీయూ టైములో దాదాపు 42 శాతం డిస్కు కోసం ఎదురుచూపుల్లోనే పోయింది, అంటే వేలు పెట్టాల్సింది స్టోరేజ్ వైపు. విరామం గడిలో మైనస్ 1 ఉండి, చివర లైనక్స్ రీస్టార్ట్ అని ఉంటే అది రీబూట్ గుర్తు. ఆ వరుసని తీసేసి గ్రాఫ్ గీసేవాళ్ళు అసలు ఆధారాన్నే చెత్తబుట్టలో వేసినట్టు.

600 అన్న అంకెకి విలువ ఇవ్వండి. పది నిమిషాల్లో 20 సెకన్ల పాటు సీపీయూ నూటికి నూరు శాతం నిండి, మిగతా సేపు ఖాళీగా ఉంటే ఆ వరుసలో కనిపించేది 3.3 శాతం. సిల్క్ బోర్డు జంక్షన్‌లో ఇరవైనాలుగు గంటల సగటు వేగం లెక్కేస్తే బెంగళూరులో ట్రాఫిక్ సమస్యే లేదని తేల్చెయ్యొచ్చు, ఇదీ అంతే. అప్లికేషన్ ముప్పై సెకన్లు బిగుసుకుపోయిందన్న ఫిర్యాదుకి పది నిమిషాల సార్ ఫైల్ పెట్టుకుని "సీపీయూ మామూలుగానే ఉంది" అనడం అన్యాయం. విరామం 60కి తగ్గించమని అడిగి, మళ్ళీ జరిగేదాకా ఆగాలి.

గ్రాఫ్ కావాలంటే ఎస్‌ఏడీఎఫ్‌లోనే ఉంది, ఎక్కడికీ పోనక్కర్లేదు. చిన్న జి ఇస్తే ఎస్‌వీజీ బొమ్మ వస్తుంది, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. పెద్ద ఓ తర్వాత ఆటోస్కేల్, స్కిప్‌ఎంప్టీ, షోటీఓసీ పెడితే చూడబుద్ధి అవుతుంది. ఎస్‌ఏడీఎఫ్ సొంత ఆప్షన్లకీ, సార్‌కి వెళ్ళే ఆప్షన్లకీ మధ్య రెండు గీతలు పెట్టడం మర్చిపోతే తప్పు ఆప్షన్ అని కసురుతుంది. పెద్ద ఏ ఇచ్చి అన్నీ అడిగితే, వందల డిస్కులున్న డేటాబేస్ సర్వర్‌కి బ్రౌజర్ ఊపిరాడనంత పెద్ద ఫైల్ తయారవుతుంది. సీపీయూ, మెమరీ, డిస్క్, రన్ క్యూ చాలు.

డిస్కుల దగ్గర ఒక మాయ ఉంది. పాత వెర్షన్లలో డిస్కు పేర్లు డెవ్253-0 అని అంకెల్లో వస్తాయి. చదవడానికి బాగుంటుందని చిన్న పి ఇస్తే పేర్లు పెడుతుంది, కానీ డివైస్ మ్యాపర్ డిస్కులకి ఆ పేర్లు తెచ్చేది మీ లాప్‌టాప్‌లోని డెవ్ డైరెక్టరీ నుంచి. వాళ్ళ ఒరాకిల్ వాల్యూమ్‌కి మీ రూట్ వాల్యూమ్ పేరు తగులుతుంది. రిపోర్టులో అది అలాగే వెళ్ళిపోతే పరువు తక్కువ. ఫైళ్ళతోపాటు డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ అవుట్‌పుట్ కూడా అడిగి, అంకెలతో చేత్తో జత చేసుకోవడమే పద్ధతి. "రిక్వెస్టెడ్ యాక్టివిటీస్ నాట్ అవైలబుల్" అని వస్తే ఫైల్‌లో లోపం లేదు. రికార్డు చేసేటప్పుడే ఆ కొలత అడగలేదు. "ఎండ్ ఆఫ్ సిస్టమ్ యాక్టివిటీ ఫైల్ అనెక్స్‌పెక్టెడ్" అంటే మాత్రం ఫైల్ మధ్యలో తెగిందని. రాస్తుండగా కాపీ చేస్తే ఇలా అవుతుంది. తెగిన చోటు వరకు ఉన్నది పనికొస్తుంది. పాత రోజుల ఫైళ్ళు ఎక్స్‌జెడ్‌లోనో జీజెడ్‌లోనో కుదించి ఉంటాయి, వాటిని సార్ తనంతట తను విప్పుకోదు, ముందు మీరు విప్పాలి.

కేసార్ సంగతి. ఇది జావాలో రాసిన డెస్క్‌టాప్ ప్రోగ్రామ్. ఒకే జార్ ఫైల్. అడ్మిన్ హక్కుల్లేని ఆఫీస్ విండోస్ లాప్‌టాప్‌లో కూడా జావా ఉంటే నడుస్తుంది కాబట్టి మన టీముల్లో దీనికి ఆదరణ ఎక్కువ. ఎడమవైపు చెట్టులా పేర్లు, నొక్కితే గ్రాఫ్, పీడీఎఫ్‌గా ఎగుమతి. మేనేజర్‌కి పంపే బొమ్మకి ఇది చాలు. కానీ బైనరీ ఫైల్‌ని చదవదు. సార్ టెక్స్ట్ ఇవ్వాలి, ఆ టెక్స్ట్ తయారు చెయ్యడానికి సార్ ఎలాగూ కావాలి. ఎల్‌సీ ఆల్‌ని సి అని పెట్టి, పెద్ద ఏ, చిన్న ఎఫ్‌తో టెక్స్ట్ తియ్యండి. అలా పెట్టకపోతే అమెరికన్ లొకేల్‌లో ఏఎం, పీఎం గడియారం వచ్చి చేరుతుంది, అక్కడినుంచి పార్సింగ్ తలనొప్పులు.

ఇంకో చిక్కు: సార్ టెక్స్ట్‌లో తేదీ పై లైన్లో ఒక్కసారే ఉంటుంది, వరుసల్లో టైము మాత్రమే. న్యూయార్క్ ఫైల్‌ని మన టైములో తీస్తే ఉదయం 9:30కి మొదలై మర్నాడు 9:30కి ముగుస్తుంది. 23:50 తర్వాత 00:00 వచ్చినచోట తేదీ మారిందని చెప్పే గుర్తేదీ టెక్స్ట్‌లో ఉండదు. కాబట్టి కేసార్ కోసం తీసే టెక్స్ట్‌కి చిన్న టి తప్పనిసరి, అప్పుడు ఒక ఫైల్ ఒక రోజులోనే ఉంటుంది. సిస్‌స్టాట్ కొత్త వెర్షన్లో హెడింగ్ మారి, కేసార్ దాన్ని గుర్తుపట్టకపోతే ఆ గ్రాఫ్ రాదు. గ్రాఫ్ రాలేదంటే డేటా లేదని కాదు, టెక్స్ట్‌లోకి వెళ్ళి చూసుకోండి. మా లెక్కలో కేసార్ చివరి మెట్టు పనిముట్టు: విషయం తేలిపోయాక బొమ్మ కోసం. వెతుకులాటకి కాదు.

ఏటాప్ తీరే వేరు. సార్ "డిస్కు బిజీగా ఉంది" అంటుంది, "ఎవరివల్ల" అంటే నోరు మెదపదు. అది చెప్పేది ఏటాప్. గెర్లోఫ్ లాంగెవెల్డ్ రాసినది. ప్రతి విరామానికీ సిస్టమ్ మొత్తంతో పాటు ఒక్కో ప్రాసెస్ వాడకాన్నీ రికార్డు చేసి పెడుతుంది. చిన్న ఆర్ తర్వాత ఫైల్ పేరు, చిన్న బి తర్వాత 14:10 అని ఇస్తే నేరుగా ఆ సమయానికి తెరుచుకుంటుంది. లోపల చిన్న టి నొక్కితే తర్వాతి నమూనా, పెద్ద టి నొక్కితే వెనక్కి. చిన్న డి డిస్కు వాడకం, చిన్న ఎం మెమరీ, చిన్న సి పూర్తి కమాండ్ లైను. ఏదో ఒక రాత్రి బ్యాకప్ స్క్రిప్ట్ రెండోసారి ఎందుకు లేచిందో కనిపెట్టాల్సి వస్తే ఇంతకన్నా సుఖమైన దారి లేదు.

తెరవగానే వచ్చే మొదటి తెరని నమ్మొద్దు. రోజు ఫైల్‌లో మొదటి నమూనా సర్వర్ బూట్ అయిన దగ్గర్నుంచి లెక్క, పైన "సిన్స్ బూట్" అని రాసే ఉంటుంది. మూడు నెలల సగటుని అర్ధరాత్రి లోడ్ అనుకుని రాసేస్తే అంతే సంగతులు. చిన్న టి ఒకసారి నొక్కాకే అసలు కథ. రెండు నమూనాల మధ్య పుట్టి చచ్చిన ప్రాసెస్‌లు కనబడాలంటే రికార్డు చేసేటప్పుడు ప్రాసెస్ అకౌంటింగ్ నడుస్తూ ఉండాలి. నడిస్తే ముగిసిపోయినవి కోణపు బ్రాకెట్ల మధ్య పేరుతో కనిపిస్తాయి. నడవకపోతే, పది నిమిషాల విరామంలో నలభై సెకన్లు ఆడి వెళ్ళిపోయిన క్రాన్ జాబ్ (వేళకి దానంతటదే నడిచే పని) జాడ కూడా ఉండదు. మొత్తం సీపీయూ 60 శాతం ఉండి కింద ప్రాసెస్‌లు కూడితే 15 కూడా రాకపోతే అనుమానం ఇటువైపే తిప్పాలి.

వెర్షన్ పట్టింపు దీనికీ ఉంది, కాకపోతే పద్ధతిగా చెబుతుంది. ఫైల్ వేరే వెర్షన్‌తో రాసిందైతే రెండు వెర్షన్ల నంబర్లూ చెప్పి, ఏటాప్-2.3 లాంటి పేరుతో ప్రోగ్రామ్ ఉందేమో పాత్‌లో వెతికి దాన్ని నడపబోతుంది. ఈ గుణాన్ని వాడుకోండి: తరచుగా వచ్చే రెండు మూడు వెర్షన్లు కంపైల్ చేసి ఆ పేర్లతో పెట్టుకుంటే దానంతటదే సరైనదాన్ని పట్టుకుంటుంది. లేదంటే దాంతోపాటే వచ్చే ఏటాప్‌కన్వర్ట్ పాత ఫైల్‌ని కొత్త ఫార్మాట్‌లోకి మారుస్తుంది. అంకెలు సీఎస్‌వీలా కావాలంటే పెద్ద పి తర్వాత సీపీయూ, డీఎస్‌కే లాంటి లేబుళ్ళు ఇస్తే స్క్రిప్టుకి అనువైన వరుసలు రాలుతాయి. సార్ మాదిరి పట్టీలు కావాలంటే ఏటాప్‌సార్ ఉంది.

ఏటాప్ ఫైల్ విషయంలో ఒక హెచ్చరిక. కమాండ్ లైన్లు యథాతథంగా ఉంటాయి, పాస్‌వర్డ్‌ని ఆర్గ్యుమెంట్‌లో ఇచ్చే స్క్రిప్ట్ ఏదైనా ఉంటే అది కూడా ఉంటుంది. ఇలాంటి ఫైల్‌ని ఇంటర్నెట్‌లో కనిపించిన ఏ గ్రాఫ్ సైట్‌లోనూ ఎక్కించకూడదు. సార్ ఫైల్ ఆ విషయంలో అమాయకురాలు, మహా అయితే హోస్ట్ పేరు, డిస్కులు, నెట్‌వర్క్ కార్డుల పేర్లు బయటపడతాయి. అయినా క్లయింట్ డేటా క్లయింట్ డేటాయే.

పర్ఫార్మెన్స్ కో-పైలట్, అంటే పీసీపీ. సిలికాన్ గ్రాఫిక్స్‌లో పుట్టి 2000లో ఓపెన్‌సోర్స్ అయింది. మొదటి వారం దీన్ని తిట్టుకోని వాళ్ళు ఉండరు. పనిముట్లు పదుల్లో ఉంటాయి, దాదాపు అన్నీ పీఎం అక్షరాలతోనే మొదలవుతాయి, ఏది దేనికో తెలిసేసరికి తల వాచిపోతుంది. కానీ పైన చెప్పిన మూడు ప్రశ్నలకీ అందరికన్నా శుభ్రంగా జవాబిచ్చేది ఇదే. పీఎండంప్‌లాగ్‌కి పెద్ద ఎల్ ఇస్తే ఆర్కైవ్ వెర్షన్, హోస్ట్, సర్వర్ టైమ్‌జోన్, మొదలు, ముగింపు చెప్పేస్తుంది. చూసే పనిముట్లలో చిన్న జెడ్ ఇస్తే ఆర్కైవ్ టైము, పెద్ద జెడ్ తర్వాత ఊరు పేరు ఇస్తే ఆ ఊరి టైము. ఊహించుకోవాల్సిన పని లేదు.

ఆర్కైవ్ అంటే ఒక ఫైల్ కాదు, మూడు రకాల ఫైళ్ళ కట్ట: డాట్ మెటా, డాట్ ఇండెక్స్, అంకెలతో ముగిసే డేటా వాల్యూమ్. అసలు డేటా పెద్ద ఫైల్‌లో ఉంది కదా అని అదొక్కటే పంపేవాళ్ళు ఉన్నారు. మెటా లేకపోతే అందులోని అంకెలు ఏ కొలతవో తెలిసే మార్గమే లేదు, ఎవరూ తెరవలేరు. ఇండెక్స్ పోయినా నడుస్తుంది. చదివే పీసీపీ, రాసిన పీసీపీ కన్నా పాతది కాకూడదు. 6 సిరీస్‌తో వచ్చిన 3వ వెర్షన్ ఆర్కైవ్‌ని 5 సిరీస్ పనిముట్లు చదవలేవు. పంపినది సరిగ్గా ఉందో లేదో పీఎంలాగ్‌చెక్ తేలుస్తుంది.

చూడడానికి పీఎంరెప్ వాడండి. చిన్న ఏ తర్వాత ఆర్కైవ్, పెద్ద ఎస్ తర్వాత ఎట్ గుర్తుతో 14:00, పెద్ద టి తర్వాత అలాగే 15:00, చిన్న టి తర్వాత ఒక నిమిషం, చివర కోలన్ పెట్టి వీఎంస్టాట్. ఇలా కొడితే అలవాటైన వీఎంస్టాట్ రూపంలోనే గతం కళ్ళముందు నడుస్తుంది. ఇంతకన్నా ముచ్చటైనది పీఎండిఫ్. నిన్నటి ఆర్కైవ్, ఇవాళ్టి ఆర్కైవ్ రెండూ ఇస్తే ఏ కొలతల సగటు రెట్టింపు దాటిందో, ఏవి సగానికన్నా పడిపోయాయో మాత్రమే ఏరి చూపిస్తుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది" అనే టికెట్లకి ఇది కుదిరినట్టు ఇంకేదీ కుదరదు. వేల కొలతల్లో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని ఫ్రెషర్‌కి ముందు ఇదే నేర్పాలి.

పీసీపీని సర్వర్‌లో పెట్టని క్లయింట్ సార్ ఫైళ్ళకీ ఈ సుఖం దొరుకుతుంది. ఎస్‌ఏడీఎఫ్‌కి చిన్న ఎల్ ఇచ్చి, పెద్ద ఓ తర్వాత పీసీపీఆర్కైవ్ ఈక్వల్స్ అని పేరు పెడితే, సార్ ఫైలే పీసీపీ ఆర్కైవ్ అయిపోతుంది. మీ సిస్‌స్టాట్ పీసీపీ లైబ్రరీలతో కంపైల్ అయి ఉండాలి. కాకపోతే సార్2పీసీపీ అనే పెర్ల్ స్క్రిప్ట్ ఉంది, అది ఎక్స్‌ఎంఎల్ మీదుగా వెళ్తుంది కాబట్టి పెద్ద ఫైళ్ళకి ఓపిక పట్టాలి. మారిన తర్వాత పీఎండిఫ్, పీఎంరెప్, పీఎంచార్ట్ అన్నీ పనిచేస్తాయి. విరామం మాత్రం 600 సెకన్లే, మార్పిడితో కొత్త వివరం పుట్టదు.

కేసార్ తప్ప ఇప్పుడు చెప్పినవన్నీ లైనక్స్ మీద నడిచేవి. విండోస్ లాప్‌టాప్ అయితే, విండోస్ లోపలే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2లో ఉబుంటు 22.04 వేసుకోండి. అందులో సిస్‌స్టాట్ 12.5.2 వస్తుంది, రెల్ 8, 9 ఫైళ్ళు నేరుగా, రెల్ 7వి మార్చి చదువుకోవచ్చు.

ఎన్‌మాన్ అనే ఇంకో రికార్డు పనిముట్టు ఫైళ్ళు, ఐబీఎం వారి యూనిక్స్ అయిన ఏఐఎక్స్ ఉన్నచోట ఎక్కువ. అవి టెక్స్టే, గ్రెప్‌తోనే సగం పని అయిపోతుంది. వరుసల్లో టైము ఉండదు, టీ0001 లాంటి గుర్తు ఉంటుంది. ఆ గుర్తుకి టైము ఎంతో జెడ్‌జెడ్‌జెడ్‌జెడ్ అని మొదలయ్యే వరుసల్లో చూసుకోవాలి. 30 సెకన్ల విరామం, 2880 నమూనాలు అంటే సరిగ్గా ఒక రోజు. ఎన్‌మాన్‌చార్ట్ చేసే హెచ్‌టీఎంఎల్ బాగుంటుంది కానీ గూగుల్ చార్ట్ లైబ్రరీని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ లేని వీడీఐలో (రిమోట్ డెస్క్‌టాప్‌లో) తెల్లకాగితమే కనిపిస్తే స్క్రిప్ట్‌ని తిట్టకండి.

సర్వర్ల మీద కన్నేసి గ్రాఫులు గీసే క్యాక్టై, మునిన్ ఉన్న చోట ఆర్‌ఆర్‌డీ ఫైళ్ళు వస్తాయి. వీటిని చదివే ఆర్‌ఆర్‌డీటూల్, నెట్‌వర్క్ గ్రాఫుల పనిముట్టు ఎంఆర్‌టీజీ రాసిన టోబియాస్ ఓటికర్‌దే. ఫైల్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసి తెస్తే "దిస్ ఆర్‌ఆర్‌డీ వాజ్ క్రియేటెడ్ ఆన్ అనదర్ ఆర్కిటెక్చర్" అనొచ్చు. అందుకని వాళ్ళ మెషీన్ మీదే డంప్ తీయించి, ఎక్స్‌ఎంఎల్ తెప్పించుకుని, ఇక్కడ రిస్టోర్ చెయ్యాలి. ఈ ఫైల్ సైజు ఎప్పటికీ పెరగదు, ఎందుకంటే పాతదాన్ని నలిపి సగటుగా మార్చేస్తుంది. ఎంఆర్‌టీజీ నాటి అమరికలో 5 నిమిషాల నమూనాలు 600 మాత్రమే ఉంటాయి, అంటే 50 గంటలు. ఆ తర్వాత అరగంట సగటులు 700, సుమారు రెండు వారాలు. సోమవారం జరిగినదానికి గురువారం ఫైల్ అడిగితే అరగంట సగటే మిగులుతుంది, అసలు శిఖరం కరిగిపోయి ఉంటుంది. ఆర్‌ఆర్‌డీటూల్ ఇన్ఫోలో మ్యాక్స్ రకం కూడా భద్రపరిచారేమో చూడండి. ఉంటే ఫెచ్‌లో యావరేజ్ బదులు మ్యాక్స్ అడగండి, శిఖరం ఎత్తు తెలుస్తుంది, ఏ నిమిషమో మాత్రం తెలియదు.

విండోస్ పెర్ఫ్‌మాన్ బీఎల్‌జీ ఫైళ్ళ దగ్గర ఓపెన్‌సోర్స్ చేతులు కట్టేసుకున్నట్టే. ఆ ఫార్మాట్‌ని నమ్మకంగా విప్పేది విండోస్‌తో వచ్చే రీలాగ్. అది ఓపెన్‌సోర్స్ కాదు. దాని మీద కూర్చుని పనిచేసే పాల్ అనే పవర్‌షెల్ పనిముట్టు మాత్రం ఓపెన్‌సోర్స్, థ్రెషోల్డులు పెట్టి హెచ్‌టీఎంఎల్ రిపోర్టు ఇస్తుంది. ఎరుపు రంగు కనబడ్డ ప్రతిదీ జబ్బు కాదు, ఆ హద్దులు సాధారణ సర్వర్‌కి పెట్టినవి. మామూలుగా రీలాగ్‌తో సీఎస్‌వీ చేసుకుని ముందుకెళ్ళడమే త్వరగా తెములుతుంది.

ఫైళ్ళు అడిగే మెయిల్‌లో ఇవి రాయండి: సంఘటన జరిగిన రోజుతో పాటు, ఏ సమస్యా లేని పోయిన వారం అదే వారం రోజు ఫైలు కూడా, పోల్చడానికి. సర్వర్ టైమ్‌జోన్ తెలియడానికి టైమ్‌డేట్‌సీటీఎల్ అవుట్‌పుట్. సార్, ఏటాప్ వెర్షన్లు పెద్ద వి ఇస్తే వస్తాయి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే. టెక్స్ట్ వద్దు, బైనరీలే కావాలని నొక్కి చెప్పండి. అన్నీ ఒకే టార్‌లో కట్టి ఫైల్ దారిలో మారలేదని సరిచూసుకోవడానికి ఎస్‌హెచ్‌ఏ256 విలువ పక్కన పెట్టమనండి. పీసీపీ అయితే ఆ తేదీతో మొదలయ్యే ఫైళ్ళన్నీ, మెటాతో సహా. సిస్‌స్టాట్ ఎన్ని రోజులు దాస్తుందో కూడా అప్పుడే అడగండి: రెల్‌లో మామూలుగా 28, డెబియన్‌లో 7. డెబియన్ సర్వర్ టికెట్ వారం రోజులు ఎవరి వరసలోనో నానితే, అడిగేసరికి ఆ రోజు ఫైలే ఉండదు.